రెండో వాచీ

పంజాగుట్టలో నాకు చొక్కాలు కుట్టే టైలరు ఎడమ మణికట్టు చుట్టూ టేపు తిప్పుతూ ప్రతిసారీ ఒకటే అడిగేవాడు. "వాచీ ఏ చేతికి పెడ్తరు సార్? లావుదా, సన్నదా?" లావుదని చెబితే ఆ చేతి కఫ్ అర అంగుళం వదులు చేసేవాడు. సన్నదంటే రెండు చేతులకూ ఒకటే కొలత రాసుకునేవాడు. మొదటిసారి అడిగినప్పుడు నాకు ఏం చెప్పాలో తోచలేదు. అప్పుడు నాకున్నది ఒక్కటే వాచీ. రబ్బరు బెల్టుది, ఇడ్లీ అంత లావుది. కుట్టించుకుంటున్నదేమో చెల్లెలి పెళ్లికి పట్టుచొక్కా. అతను నా చేతివైపు ఒకసారి చూసి, "దావత్‌ల గూడ ఇదే పెట్టుకుంటరా? సన్నది ఒకటి తీస్కోండి సార్, చొక్కా మంచిగ కూసుంటది" అన్నాడు. వాచీ కోసం చొక్కా వదులు చేయించుకోవాలా, చొక్కా కోసం వాచీ మార్చుకోవాలా అన్న ఆలోచన నాకు పెట్టింది ఆ టైలరే. ఏ వాచీ షాపులోనూ ఎవరూ అడగలేదు.

మీ దగ్గర ఒక స్పోర్ట్స్ వాచీ ఇప్పటికే ఉందన్న ధైర్యంతో ఈ అధ్యాయం రాస్తున్నాను. అమీర్‌పేట మెట్రో స్టేషన్లో మియాపూర్–ఎల్బీనగర్ లైనూ, నాగోల్–రాయదుర్గం లైనూ కలుస్తాయి. సాయంత్రం ఆరున్నరకి అక్కడ బోగీ ఎక్కి, పైన పిడులు పట్టుకు వేలాడే చేతులు చూడండి. నల్ల రబ్బరు బెల్టులు, అంచు తిరిగే డైవర్ వాచీలు, మూడు చిన్న డయళ్ల క్రోనోగ్రాఫ్‌లు, అడుగులు లెక్కపెట్టే స్మార్ట్‌వాచీలు. మైత్రీవనం చుట్టుపక్కల కోర్సు నేర్చుకుని, ఉద్యోగం దొరికాక మొదటి జీతంతో కొనుక్కున్నవి వాటిలో చాలానే ఉంటాయి. వాటిని తీసేయమని నేను చచ్చినా అనను. బండి నడిపేటప్పుడు, వానలో తడిసేటప్పుడు, జిమ్ముకు వెళ్లేటప్పుడు అదే వాచీ కావాలి.

జీ-షాక్ కథ చాలామందికి తెలిసే ఉంటుంది. కాసియో కంపెనీ ఇంజనీరు కికువో ఇబే తన తండ్రి ఇచ్చిన వాచీ కిందపడి పగిలిపోవడంతో, పగలని వాచీ ఒకటి చేయాలనుకున్నాడు. పది మీటర్ల ఎత్తునుంచి పడినా పాడవకూడదు, పది బార్ల నీటి ఒత్తిడి తట్టుకోవాలి, బ్యాటరీ పదేళ్లు రావాలి అని లెక్క పెట్టుకున్నాడు. 1983లో మొదటిది బయటికొచ్చింది. దెబ్బ లోపలి మెషీను దాకా చేరకుండా చుట్టూ ఖాళీ వదిలి, మెత్త వేశారు కాబట్టి అది లావుగా ఉంటుంది. నలుచదరం మోడల్ డీడబ్ల్యూ-5600 మందం 13.4 మిల్లీమీటర్లు. ఆ లావే దాని ఉద్యోగం. అంత లావున్నదాన్ని పట్టుచొక్కా కఫ్ కింద దూర్చాలని చూడటం, పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడమే. పిల్లి తప్పేమీ లేదు పాపం.

చెల్లెలి పెళ్లికి నేను చేసిన నిర్వాకం కూడా చెప్పాలి. టైలరు మాట విన్నాను గానీ సగమే విన్నాను. దావత్ వాచీ అంటే మెరవాలనుకున్నాను. ముహూర్తానికి రెండు రోజుల ముందు ఒక షాపులో దూరి, బంగారు రంగు పూత, డయల్ మీద మూడు చిన్న గుండ్రాలు, పక్కన రెండు మీటలు ఉన్నదొకటి కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే ఆ మూడింటిలో రెండు ఉత్త బొమ్మలు. అచ్చు వేసిన ముళ్లు, కదలవు. దీపావళికల్లా అంచుల దగ్గర పూత ఊడి ఇత్తడి బయటపడింది. డబ్బు పోతే పోయింది, ఆల్బమ్ పోలేదు. లాజహోమంలో చెల్లెలి దోసిట్లో పేలాలు పోస్తున్న ఫొటో ఉంది. చెల్లెలి గోరింటాకు, బావగారి ముఖం, వెనక మా అమ్మ చెంగుతో కళ్లొత్తుకోవడం, అన్నీ బాగా పడ్డాయి. వాటన్నిటికంటే ముందు, ఫ్లాష్ వెలుగును విసిరికొడుతూ నా వాచీ పడింది. ఆ ఫొటో చూసినవాళ్లు ఇప్పటికీ ముందు దాన్నే చూస్తారు. డ్రెస్ వాచీ అంటే ఏమిటో నాకు అర్థమైంది ఆ ఫొటో వల్లే: ఫొటోలో వెతికితే తప్ప కనపడని వాచీ.

డ్రెస్ వాచీ అనేది కోటు వేసుకునే దేశాల సరదా, మనకెందుకని కొందరు తీసిపారేస్తారు. మన ఇళ్లలో అది ఎప్పటినుంచో ఉంది, పేరే వేరు. పెళ్లి వాచీ అనేవాళ్లు. అలకపాన్పు మీద కూర్చున్న అల్లుడు సైకిలో, రేడియోనో, చేతి గడియారమో అడిగిన రోజులు పెద్దవాళ్లకు గుర్తే. (కట్నాల సంగతి వేరే అధ్యాయంలో తిట్టాను కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను.) అలా వచ్చిన వాచీ బీరువాలో పట్టుబట్టల మడతల మధ్య ఉండేది. పెళ్లికో, కోర్టు పనికో, కలెక్టరాఫీసుకో వెళ్లేరోజు బయటికి తీసి, కీ ఇచ్చి, రేడియోలో వార్తల టైముకి ముల్లు సరిచేసి పెట్టుకునేవాళ్లు. పొలానికి పెట్టుకెళ్లేవాళ్లు కాదు. ఏ పనికి ఏది అన్న తేడా వాళ్లకు పుస్తకం చదవకుండానే తెలుసు.

ఆ వాచీ చాలా ఇళ్లలో హెచ్‌ఎంటీయే. జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీల తయారీ మొదలైంది. ఆ పేరు ఎంత దూరం పాకిందంటే మనం వండుకునే హెచ్‌ఎంటీ బియ్యానికి కూడా వాచీ పేరే పెట్టారు. చంద్రపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రగడే తన పొలంలో వేరుచేసి పెంచిన సన్నరకం అది. సన్నగా ఉండటం వల్లే పేరొచ్చిందంటే బియ్యానికీ వాచీకీ రెండింటికీ చెల్లుతుంది.

హెచ్‌ఎంటీలో పైలట్ అనీ, జనతా అనీ రెండు వాచీలుండేవి. ఒక జంట ఎలా ఉండాలో చెప్పాల్సి వస్తే నేను ఈ రెండింటినే చూపిస్తాను. పైలట్‌ది నల్ల డయల్, పెద్ద అంకెలు, చీకట్లో వెలిగే ముళ్లు. జనతాది లేతరంగు డయల్, సన్న ముళ్లు, అంతే. లోపల రెండింటిలోనూ కీ ఇచ్చే 17 జ్యూయెల్స్ మెషీనే. ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ములు, ఒకడు మిలిటరీలో చేరాడు, ఒకడు ఊళ్లో బడిపంతులయ్యాడు. మీ చేతికున్నది పైలట్ అనుకోండి. ఇప్పుడు మీరు వెతకాల్సింది ఆ పంతులుగారిని.

వెతికేటప్పుడు ముఖం ఎదురుగా ఉండాలి, లోహం కలవాలి. మొదటిది నల్ల డయల్ అయితే రెండోది తెలుపో, మీగడ రంగో చూడండి. మొదటిది స్టీలు చైను అయితే రెండోదానికి తోలు బెల్టు. మొదటిది అంకెలన్నీ వేసి చెబుతుంటే, రెండోదానికి అంకెలు లేకుండా గీతలు చాలు. ఒకే పని చేసే వాచీలు రెండు కొనడం, ఉన్న టమాటా పప్పు పక్కన ఇంకో గిన్నెలో టమాటా పప్పు వండటం లాంటిది. లోహం దగ్గర మాత్రం బంధుత్వం చూసుకోండి. మీ కళ్లజోడు ఫ్రేము, బెల్టు బకిల్, వేలి ఉంగరం ఏ రంగో వాచీ కేసూ ఆ రంగుకు దగ్గరగా ఉంటే చాలు.

ఇక్కడ బంగారు రంగు గురించి నాకో అభిప్రాయం ఉంది. విదేశీ సలహాలు చదివినవాళ్లు అణకువ అంటే స్టీలేననీ, బంగారు రంగు ఆర్భాటమనీ అంటారు. లండన్ ఆఫీసులో అది నిజమేమో. మన పెళ్లి పందిట్లో లెక్క తలకిందులవుతుంది. చుట్టూ కాసులపేర్లు, వంకీలు, జరీ అంచు కండువాలు ఉన్నచోట, సన్నటి బంగారు పూత కేసులో తెల్ల డయల్ వాచీ పంచె అంచులో కలిసిపోతుంది. అక్కడ తళతళలాడే స్టీలే ఎత్తి చూపినట్టుంటుంది. కాబట్టి ఆఫీసులకీ ఇంటర్వ్యూలకీ ఎక్కువ పెట్టుకోబోతే స్టీలు, పెళ్లిళ్లకీ వ్రతాలకీ ఎక్కువైతే పసుపు. నేను పోగొట్టుకున్నది బంగారు రంగు వల్ల కాదు, దాని లావు వల్ల, ఆ దొంగ డయళ్ల వల్ల.

అమీర్‌పేటలో కొన్నేళ్లు ఇంటర్వ్యూ శిక్షణ ఇచ్చాను. ఉత్తుత్తి ఇంటర్వ్యూలో ఒక కుర్రాడు ప్రతి జవాబుకీ ముందు ఎడమ కఫ్ లాక్కునేవాడు. సిగ్గనుకున్నాను. దగ్గరికెళ్లి చూస్తే కఫ్ వాచీ మీదికి ఎక్కి దిగనంటోంది. వాచీ తీసి జేబులో పెట్టుకోమన్నాను. తర్వాతి జవాబు తిన్నగా వచ్చింది. ఆ అబ్బాయికి తెలివి ముందునుంచీ ఉంది, చేతికే తీరిక లేదు. ఆ రోజునుంచి నా క్లాసుల్లో రెండో వాచీ గురించి ఒక పావుగంట మాట్లాడటం మొదలుపెట్టాను. ఈ అధ్యాయం ఆ పావుగంటే, కొంచెం పెరిగింది.

ఎంపిక అంటే అమీర్‌పేట బుద్ధి మరిచిపోవడమే. అక్కడి కోచింగ్ సెంటర్ల వీధిలో అన్నీ కలుపుకుంటూ పోతారు: బోర్డు మీద బోర్డు, కోర్సు మీద కోర్సు, ఒకటి చేరితే ఒకటి ఉచితం. డ్రెస్ వాచీని తీసివేతతో కొనాలి. పక్కన మీటలు ఉంటే వద్దు. తిరిగే అంచు ఉంటే వద్దు. డయల్ మీద కంపెనీ పేరు కాక ఇంకో రెండు లైన్ల రాత ఉంటే వద్దు. ముళ్లకి వెలిగే రంగు పూసి ఉంటే అది మీ మొదటి వాచీ పని, వద్దు. తేదీ గడి దగ్గర నాతో చాలామంది వాదిస్తారు. నేను వద్దనే అంటాను. నెలలో ఇరవై రోజులకు పైగా బీరువాలో పడుకునే వాచీకి, బయటికి తీసినప్పుడల్లా తేదీ తప్పే ఉంటుంది. పైగా చాలా మెకానికల్ వాచీల్లో రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము మూడు వరకు తేదీ చక్రం పళ్లు పట్టుకుని ఉంటాయి. ఆ వేళ తేదీ తిప్పితే మెషీను దెబ్బతింటుంది. పెళ్లికి బయల్దేరే హడావుడిలో ఈ చాదస్తం ఎవరికి గుర్తుంటుంది? చార్మినార్ మీద నాలుగు వైపులా 1889లో గడియారాలు పెట్టారు. వాటికి తేదీ లేదు. ఎవరూ ఏమీ అనుకోలేదు.

కొలతలు. మణికట్టు ఎముక దాటాక, వాచీ కూర్చునే చోట ఒక దారం చుట్టి, దాన్ని స్కేలు మీద పెట్టండి. 16 సెంటీమీటర్ల లోపైతే 34 నుంచి 36 మిల్లీమీటర్ల కేసు, 17–18 అయితే 36 నుంచి 38. అంతకంటే లావు చేతికి 39, 40 దాకా పోవచ్చు. స్పోర్ట్స్ వాచీ 43, 44 పెట్టుకున్న కంటికి 36 మొదట ఆడపిల్లల వాచీలా కనిపిస్తుంది. రెండు రోజులు ఓపిక పట్టండి, కన్ను సర్దుకుంటుంది. కేసు వెడల్పు కంటే ముఖ్యమైనది, షాపులో ఎవరూ చెప్పనిది, బెల్టు తగిలించే పై కొమ్ముల నుంచి కింది కొమ్ముల వరకు పొడవు. ఆ కొమ్ములు చేతి అంచు దాటి బయటికి పొడుచుకొస్తే ఎంత మంచి వాచీ అయినా అరువు తెచ్చుకున్నట్టే ఉంటుంది. మందం తొమ్మిది మిల్లీమీటర్లు దాటకూడదు, ఏడైతే ఇంకా మేలు.

మందం విషయంలో మన పొరుగునే గొప్ప పని జరిగింది. తెలుగు మాట్లాడేవాళ్లు బాగా ఉన్న తమిళనాడు సరిహద్దు ఊరు హోసూరులో టైటాన్ ఫ్యాక్టరీ ఉంది. టాటాలూ తమిళనాడు ప్రభుత్వ పారిశ్రామికాభివృద్ధి సంస్థా కలిసి 1984లో పెట్టిన కంపెనీ అది. వాళ్లు 2002లో ఎడ్జ్ అనే వాచీ తెచ్చారు. మొత్తం మందం 3.5 మిల్లీమీటర్లు, లోపలి మెషీను 1.15 మిల్లీమీటర్లు. మూడు ఎడ్జ్‌లు ఒకదాని మీద ఒకటి పెట్టినా మన జీ-షాక్ 5600 కంటే పల్చగానే ఉంటాయి. అంత సన్నదే కొనాలని లేదు, కొనగలిగితే మంచిది. సన్నదనానికి విదేశాల వైపే చూడక్కర్లేదని చెప్పడానికి దీన్ని ఎత్తుకున్నాను.

ఒక చిక్కు ఉంది. హైదరాబాద్‌లో ఏడాదిలో సగం రోజులు మనం హాఫ్ హ్యాండ్స్ చొక్కాలే వేసుకుంటాం. కఫ్ కింద దాక్కునే వాచీ అన్న సూత్రం అక్కడ పనిచేయదు, వాచీ మొత్తం బయటే ఉంటుంది. లాల్చీ వేసుకున్నా అంతే, దానికి గుండీల కఫ్ ఉండదు. అందుకని నేను రెండో పరీక్ష ఒకటి పెట్టుకున్నాను: నమస్కారం. షాపులో అద్దం ముందు నిలబడి రెండు చేతులు జోడించండి. వాచీ అంచు అరచేతి మడమకు గుచ్చుకుంటే అది లావు. జోడించినప్పుడు కళ్లు ముందు డయల్ మీదికి పోతే అది పెద్దది. రెండూ కాకపోతే కొనొచ్చు. పెళ్లిలో వచ్చినవాళ్లకు మూడొందల సార్లు నమస్కారం పెట్టాల్సింది మీరే కదా.

మెషీను సంగతి తొందరగా తేల్చేస్తాను. ఆటోమేటిక్ అనగానే కుర్రాళ్ల కళ్లు పెద్దవవుతాయి. చేతి కదలికకే తిరిగే మెషీను రోజూ పెట్టుకుంటే అందమే, పక్కన పెడితే సుమారు నలభై గంటల్లో ఆగిపోతుంది. లోపల తిరిగే బరువు ముక్క వల్ల మందమూ పెరుగుతుంది. నెలకు నాలుగుసార్లు తీసే వాచీకి సెల్లు వాచీయే తెలివైన పని. సీకో కంపెనీ 1969 డిసెంబరు 25న మొదటి క్వార్ట్జ్ చేతి గడియారం అమ్మకానికి పెట్టినప్పుడు అది విలాస వస్తువు, ఇప్పుడు కూరగాయల సంచీ అంత మామూలు. సెకనుకు 32,768 సార్లు అదిరే స్ఫటికం మీ ముహూర్తం తప్పనివ్వదు. ఒక్క జాగ్రత్త: సెల్లు అయిపోయాక లోపలే వదిలేస్తే కారి మెషీన్ని తినేస్తుంది. ఆగిన వాచీలో సెల్లు ఉంచకండి. కీ ఇచ్చే వాచీ దొరికితే మాత్రం నేను దానికే ఓటు వేస్తాను. పెళ్లికి తయారవుతూ ముప్పైసార్లు కీ తిప్పడం, ఉత్తరీయం మడత సరిచేసుకోవడం లాంటి పని.

కొనడానికి అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా నడవండి. మెట్రోలో ఒక్క స్టేషను దూరం. దారంతా బట్టల షాపులు, నగల షాపులు, వాచీ షోరూములు. ఏ పెళ్లికి ఏం కావాలన్నా ఆ రోడ్డు మీదే దొరుకుతుంది. మొదటి రోజు పర్సు ఇంట్లో పెట్టి వెళ్లమంటాను. దేనికోసం వాచీ కొంటున్నారో ఆ చొక్కా వేసుకుని, ఆ బూట్లు తొడుక్కుని వెళ్లండి. మూడు నాలుగు షాపుల్లో పెట్టి చూసి, గుండీ పెట్టి చేయి చాపి, కఫ్ దానంతట అది వాచీ మీదినుంచి జారుతుందో లేదో గమనించి, ఒక ఫొటో తీసుకుని తిరిగి రండి. ఆ ఫొటో ఇంట్లో వాళ్లకు చూపించండి, వాచీ మాట ఎత్తకుండా. "చొక్కా బాగుంది" అంటే ఆ వాచీ కొనొచ్చు. "వాచీ కొన్నావా?" అంటే ఇంకా వెతకాలి.

ధర దగ్గర నా లెక్క సులువు. రెండో వాచీ మొదటిదానికంటే ఖరీదైనది కానక్కర్లేదు. టైటాన్, సొనాటా, టైమెక్స్, కాసియో వాళ్లవి శుభ్రమైన తెల్ల డయల్ వాచీలు ఐదు వేల లోపే దొరుకుతాయి. పైకి వెళ్లదలచుకుంటే సిటిజన్ ఉంది, టిస్సో ఉంది, మీ ఇష్టం. అప్పు చేసి మాత్రం కొనకండి. ఫుట్‌పాత్ మీద "ఫస్ట్ కాపీ సార్" అని చూపించే స్విస్ పేర్ల జోలికి అసలే పోకండి. అణకువ కోసం కొనే వస్తువు మీద అబద్ధపు పేరు ఏమిటి?

ఆన్‌లైన్లో వెయ్యికీ రెండు వేలకీ కొత్తగా మెరిసే పాత హెచ్‌ఎంటీలు కనిపిస్తాయి. అక్కడ జాగ్రత్త. హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు కేంద్రం 2016 జనవరిలో ఒప్పుకుంది, అదే నిర్ణయంతో మన హైదరాబాద్‌లోని హెచ్‌ఎంటీ బేరింగ్స్ కూడా మూతపడింది. తర్వాత పాత వాచీలకు గిరాకీ పెరిగి, నాలుగు వాచీల ముక్కలు కలిపి ఒకటి చేసి, డయల్‌కి కొత్త రంగు కొట్టి అమ్మేవాళ్లు పుట్టుకొచ్చారు. చిలకపచ్చ, నారింజ రంగు జనతాల్లో చాలావరకు ఆ కంపెనీ గేటు దాటి వచ్చినవి కావు. పాతదే కావాలంటే రంగు వెలిసినా అసలు డయల్ ఉన్నది చూడండి. మచ్చ ఉంటే ఉండనీ.

తోలు బెల్టు మన ఊళ్లో రెండు ఎండాకాలాలు తట్టుకుంటే గొప్ప. ఏప్రిల్, మే నెలల్లో చెమటకి నల్లబడి వాసన వేస్తుంది. అందుకని కొన్న రోజే ఇంకో బెల్టు కొని పెట్టుకోండి. బూట్లు ఏ రంగో బెల్టు ఆ రంగు, అచ్చంగా కలవక్కర్లేదు, గోధుమరంగుకి గోధుమరంగు చాలు. కొనేటప్పుడు కొమ్ముల మధ్య వెడల్పు అడగండి. 18 లేదా 20 మిల్లీమీటర్లయితే ఏ వీధిలోనైనా బెల్టు దొరుకుతుంది. 19, 21 అయితే మార్చాల్సినప్పుడల్లా ఊరంతా తిరగాలి. గుడికీ వ్రతానికీ తోలు వద్దనే ఇళ్లలో బెల్టుతో పేచీ వస్తుంది. అలాంటివాళ్లు అదే వాచీకి సన్నటి జాలీ చైను వేయించుకోవచ్చు. బెల్టు మార్చడం, సెల్లు వేయడం మాత్రం ఇంట్లో చాకుతో ప్రయత్నించకండి. మీ వీధి చివర కంటికి భూతద్దం బిగించుకుని గాజు డబ్బా వెనక కూర్చునే వాచీ మేస్త్రీ ఉంటాడు కదా, అతనికివ్వండి. చాకు గీత వెనక మూత మీద జన్మంతా ఉంటుంది.

వెనక మూత మీద 30 మీటర్లని రాసి ఉంటే ముప్పై మీటర్ల లోతుకి దూకొచ్చని కాదు. చేతులు కడిగినప్పుడు పడే చుక్కలకు సరిపోతుందని అర్థం. విందులో కుడిచేత్తో తిని కడుక్కుంటారు, వాచీ ఎడమచేతికి ఉంటుంది కాబట్టి ఫరవాలేదు. కుడిచేతికి పెట్టుకునే అలవాటున్నవాళ్లు విస్తరి ముందు కూర్చునే ముందే తీసి జేబులో వేసుకోండి. వాన పడే రోజున మొదటి వాచీ పెట్టుకెళ్లి, ఫంక్షన్ హాలు చేరాక మార్చుకోండి.

స్మార్ట్‌వాచీ వాడేవాళ్లకు ఒక్క మాట. ఇంటర్వ్యూలో, పెళ్లిచూపుల్లో అది బజ్‌మన్నప్పుడల్లా మీ చూపు చేతి మీదికి పోతుంది. ఎదుటివాళ్లు మీరు టైము చూసుకుంటున్నారనే అనుకుంటారు, లేచి వెళ్లాలని ఉందేమో అనుకుంటారు. ఆ గంటసేపు అది బ్యాగులో ఉండాలి.

అమ్మాయిలు ఈ అధ్యాయం మగవాళ్లకని పక్కన పెట్టకండి. ఆడవాళ్ల డ్రెస్ వాచీ అంటే రాళ్లు పొదిగిన గాజే అని షాపులవాళ్లు నిర్ణయించేశారు. గాజులు ఎలాగూ ఉంటాయి, వాచీ కూడా గాజులా ఎందుకు? ఒక చేతికి గాజులు, ఇంకో చేతికి 28 నుంచి 34 మిల్లీమీటర్ల సాదా తెల్ల డయల్ పెట్టి చూడండి. మగవాళ్ల అరలో వెతకడానికి మొహమాటపడకండి, పాత మగవాళ్ల వాచీలు చాలావరకు ఆ కొలతకు దగ్గరివే.

అన్నిటికంటే ముందు ఇంట్లో అడగండి. నాన్నగారిదో, తాతగారిదో, మేనమామదో ఒక పెళ్లి వాచీ బీరువా లాకరులో, నగల పెట్టె అడుగున ఆగిపోయి పడుంటుంది. చాలావాటికి కావాల్సింది శుభ్రం చేసి నూనె వేయడం, కొత్త అద్దం, కొత్త బెల్టు. దాన్ని బాగుచేయించుకుంటే ఈ అధ్యాయంలో నేను చెప్పినవన్నీ, చిన్న కేసు, తెల్ల డయల్, సన్న ముళ్లు, అందులో ముందే ఉంటాయి.

మా నాన్నగారి జనతా మా తమ్ముడి దగ్గరుంది, వాడు ఇవ్వడు. నేను కొన్నది 36 మిల్లీమీటర్లది, రెండే ముళ్లు, గోధుమరంగు బెల్టు. లావుది కూడా ఉంది, బండి మీద వెళ్లేటప్పుడు పెట్టుకుంటాను. పంజాగుట్ట టైలరు ఈమధ్య వాచీ గురించి అడగడం మానేశాడు. రెండు చేతులకూ ఒకటే కొలత రాసుకుంటున్నాడు.